ఆండ్రాయిడా, ఐఫోనా... అమ్మనడగండి!

మన తరానికి టీ కొట్టు దగ్గర గొడవ పడటానికి రెండే టాపిక్‌లు. ఒకటి హీరోలు, రెండోది ఫోన్లు. హీరోల గొడవ సినిమా రిలీజై వారం తిరిగేసరికి చల్లారుతుంది. ఫోన్ల గొడవకి మాత్రం ఏడాది పొడవునా సీజనే. 'నీ ఫోన్‌లో ఇది ఉందా?' అని ఒకడంటాడు. 'మా ఫోన్ చూసి కాపీ కొట్టిందే కదరా' అని ఇంకొకడంటాడు.

నాకు రెండు పార్టీల్లోనూ సభ్యత్వం ఉంది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో యాప్‌లు టెస్ట్ చేయడం నా ఉద్యోగం. బ్యాగులో ఒక పక్క ఆండ్రాయిడ్, ఇంకో పక్క ఐఫోన్. ఆరేళ్లుగా ఇదే వరస. ఒకే బటన్‌ని రెండు ఫోన్లలో వందసార్లు నొక్కి, ఎక్కడ తేడా కొడుతోందో రాసిస్తే నాకు జీతం వస్తుంది. ఈ సంగతి తెలిసిన చుట్టాలు పెళ్లి భోజనాల దగ్గర కూడా వదలరు. 'ఏ ఫోన్ కొనమంటావ్?' అంటారు. నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: 'ఎవరి కోసం?'

ఈ ప్రశ్న ఎందుకో చెబుతాను. దానికి ముందు ఆ కాపీ గొడవ తేల్చేద్దాం.

ఎవరిది కాపీ, ఎవరిది ఒరిజినల్?

2007లో స్టీవ్ జాబ్స్ మొదటి ఐఫోన్ చూపించినప్పుడు ప్రపంచం నోరెళ్లబెట్టింది, నిజమే. కానీ అందులో యాప్ స్టోర్ లేదు. అది 2008లో వచ్చింది. కాపీ-పేస్ట్ కూడా లేదు. అది 2009 దాకా రాలేదు. ఇప్పుడు మనం రోజుకి వందసార్లు పైనుంచి కిందికి లాగే నోటిఫికేషన్ల తెర 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఉంది. ఐఫోన్‌కి అలాంటిది 2011లో వచ్చింది. హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్లు ఆండ్రాయిడ్‌కి 2009లో వస్తే, ఐఫోన్‌కి 2020లో వచ్చాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక్కో యాప్‌కి ఒక్కో భాష పెట్టుకునే సౌకర్యం మాత్రం ఐఫోన్‌కి 2019లో ముందొచ్చింది, ఆండ్రాయిడ్‌కి 2022లో వచ్చింది.

మరి కింది నుంచి పైకి తోసి యాప్ మూసేసే సైగ ఎవరిది? ఐఫోన్‌లో 2017లో, ఆండ్రాయిడ్‌లో 2019లో స్థిరపడింది. కానీ యాప్‌లని పేక ముక్కల్లా పక్కపక్కన పేర్చి, అక్కర్లేని దాన్ని పైకి విసిరేసే పద్ధతి 2009లోనే పామ్ కంపెనీ వెబ్‌ఓఎస్‌లో ఉంది. ఆ ఫోన్లు నిలబడలేదు. వాటి రూపాన్ని తీర్చిన డిజైనర్ మతియాస్ డువార్టే 2010లో గూగుల్‌కి వెళ్లి ఆండ్రాయిడ్‌ని దిద్దాడు. వెబ్‌ఓఎస్ ఇప్పుడు ఎల్‌జీ టీవీల్లో బతుకుతోంది. మీ హాల్లోనే ఉండొచ్చు, చూడండి.

విండోస్ ఫోన్ గుర్తుందా? 2010లో రంగురంగుల పలకలతో వచ్చింది. చూడ్డానికి భలే ఉండేది, యాప్‌లే లేవు. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టాక, 2015లో నోకియా ఫోన్ల కొనుగోలు మీద దాదాపు 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేశారు. ఫోన్లని ఇంకోలా నడిపించి ఉండొచ్చేమో అని 2023లో ఆయనే ఒక ఇంటర్వ్యూలో అన్నారు.

కాబట్టి టీ కొట్టు దగ్గర ఎవరూ కాలర్ ఎగరేయక్కర్లేదు. మన చేతుల్లో ఉన్న రెండు ఫోన్లూ ఒకదాన్నొకటి చూసి నేర్చుకున్నవే. రెండూ కలిసి చచ్చిపోయిన ఫోన్ల దగ్గర కూడా నేర్చుకున్నాయి. పోటీలో ఇంకో రెండు మిగిలుంటే మనకి ఇంకా మంచిదయ్యేది.

చేతికి తెలిసే తేడాలు

రోజూ రెండూ వాడేవాళ్లకి అసలు తేడాలు చిన్న చిన్న చోట్ల తెలుస్తాయి.

మొదటిది వెనక్కి వెళ్లడం. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్‌లో ఉన్నా తెర కుడి అంచు నుంచైనా, ఎడమ అంచు నుంచైనా లోపలికి తోస్తే వెనక్కి వెళ్తాం. ఇష్టం లేకపోతే పాత మూడు బటన్లూ పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో ఎడమ నుంచి కుడికే తోయాలి, లేదా పైన ఎడమ మూలనున్న బాణం నొక్కాలి. ఫోన్లేమో జానెడు పొడుగయ్యాయి. బొటనవేలు మాత్రం దేవుడిచ్చినంతే ఉంది. బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు ఆండ్రాయిడ్‌కే.

రెండోది నిలకడ. ఐఫోన్ ఎవరి చేతిలో తీసుకున్నా సెట్టింగ్స్ ఒకేలా ఉంటాయి. ఫోన్‌లోనే 'అక్కడ నొక్కు, కిందికి రా, మూడోది' అని దారి చెప్పొచ్చు. ఆండ్రాయిడ్ అలా కాదు. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో చొక్కా తొడుగుతుంది. అదే సెట్టింగ్ ఒక ఫోన్‌లో 'డిస్‌ప్లే'లో ఉంటే, ఇంకోదాంట్లో 'స్పెషల్ ఫీచర్స్'లో దాక్కుంటుంది. కొన్ని చవక ఫోన్లలో కాలిక్యులేటర్ పక్కన కూడా ప్రకటనలు దూరతాయి. నిలకడలో నా ఓటు ఐఫోన్‌కి.

మూడోది ఆయుష్షు. ఒకప్పుడు ఆండ్రాయిడ్ కొన్న రెండేళ్లకే అప్‌డేట్లు ఆగిపోయేవి. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024లో ఎస్24తో శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లకి మాటిచ్చాయి. ఖరీదైన ఫోన్ల వరకు ఈ తేడా దాదాపు చెరిగిపోయింది. పదివేల ఫోన్లకి మాత్రం ఆ ఆయుష్షు ఇంకా రాలేదు. మన ఊళ్లలో ఎక్కువమంది కొనేది ఆ ఫోన్లే.

స్త్రీ ఒక అక్షరమా, ఆరు గుర్తులా?

ఇంక యూట్యూబ్ రివ్యూల్లో ఎవరూ పెద్దగా మాట్లాడని తేడాకి వద్దాం. అది తెలుగు.

పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు మెసేజ్ వస్తే వరసగా డబ్బాలు కనిపించేవి. 2012లో జెల్లీబీన్ వెర్షన్‌తో తెలుగు లిపి సరిగ్గా వచ్చింది. 2014లో లాలీపాప్‌తో మెనూలు కూడా తెలుగులోకి మారాయి. ఐఫోన్‌లో తెలుగు చదవడం, రాయడం చాలా ఏళ్లుగా ఉన్నా, మొత్తం మెనూలు తెలుగులో చూసుకునే వీలు 2025లో ఐఓఎస్ 18.4తో వచ్చింది. తెలుగుతో పాటు తమిళం, కన్నడం, మలయాళం, ఉర్దూ వగైరా పది భాషలకి అప్పుడే చోటు దొరికింది. రెంటికీ మధ్య పదేళ్లకి పైగా ఎడం ఉంది.

ఆ మధ్యలో ఒక తమాషా జరిగింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకి ఎక్కింది. 'జ్ఞా' అన్న అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. ఆపిల్ అదే నెలలో 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. అన్ని అక్షరాలుండగా జ్ఞానంలోని మొదటి అక్షరానికే ఫోన్లు పడిపోవడం మీద మనవాళ్లు వేసిన జోకులు అన్నీ ఇన్నీ కావు. నాకు మాత్రం ఇంకో సంగతి తట్టింది. కోట్లమంది రాసే లిపిలోని మామూలు అక్షరం ఒకటి, అమ్మకానికి వెళ్లేలోపు ఎవరి కంటా పడలేదన్నమాట.

తెలుగు ఫోన్‌కి ఎందుకంత కష్టం? 'స్త్రీ' తీసుకోండి. మన కంటికి ఒకటే అక్షరం. ఫోన్ లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం - మొత్తం ఆరు గుర్తులు. వాటిని కలిపి, ఒత్తులు కిందికి దించి, గుడి పైకి ఎక్కించి ఒక్క బొమ్మగా గీయాలి. తప్పు పడితే చెరిపేటప్పుడు కూడా ఇదే తంటా. ఒక కీబోర్డులో ఒకసారి నొక్కితే ఒక గుర్తే పోతుంది, ఇంకోదాంట్లో అక్షరం మొత్తం పోతుంది.

ఇంగ్లీషు అక్షరాలు గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి. మనవి పైకీ కిందికీ కాళ్లు చేతులు చాపుతాయి. ఆండ్రాయిడ్ చాలా ఏళ్లపాటు దీనికొక ఉపాయం పట్టింది. ఇంగ్లీషు వరస ఎత్తులో ఇరికేలా అణిచిన తెలుగు ఫాంటు ఒకటి, నిండు ఎత్తున్న ఫాంటు ఇంకొకటి పెట్టింది. ఏది వాడాలో యాప్ చేసేవాళ్ల ఇష్టం. 2024లో ఆండ్రాయిడ్ 15 కోసం కట్టే యాప్‌లకి నిండు ఎత్తునే మామూలు పద్ధతి చేశారు. 16కి వచ్చేసరికి అణిచే వెసులుబాటే తీసేశారు. ఈ వార్త ఏ హెడ్‌లైన్‌లోనూ రాలేదు. కానీ ఆ రోజు ఆఫీసులో నేను స్వీట్లు పంచాను. 'లక్ష్మి' పేరులో కింది ఒత్తు బటన్ అంచుకి తగిలి తెగిపోతోందని నేను రాసిన ఫిర్యాదులు లెక్కలేనన్ని మరి.

అనువాదాల సంగతి సరేసరి. 'షేర్' అన్న చోట 'భాగస్వామ్యం చేయి' అని చూసిన తొలిరోజుల్లో, ఫోటో పంపాలా, వ్యాపారం పెట్టాలా అర్థమయ్యేది కాదు. ఇప్పుడు చాలాచోట్ల 'షేర్ చేయండి' అని మార్చారు. మనం మాట్లాడేదీ అదే కదా.

బజారుకు తెలిసిన లెక్క

'ఎవరి కోసం?' అని ఎందుకు అడుగుతానంటే, మా అమ్మ వల్ల.

అమ్మ సూర్యాపేటలో బట్టలు కుడుతుంది. ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలదు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది గానీ అర్థం కాదు. నాన్న పోయాక ఇంటి లెక్కలన్నీ ఆమె చేతికొచ్చాయి. కుట్టు కూలీ యూపీఐలో పడుతుంది, చిట్టీ డబ్బులు యూపీఐలో పోతాయి.

అమ్మకి బ్యాంకు నుంచి ఇంగ్లీషులో మెసేజ్ వస్తుంది. 'ఈ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు' అని అందులో ఉంటుంది. ఆ ముక్క తెలియాలంటే అమ్మ ఆ మెసేజ్‌ని ఎవరో ఒకరికి చూపించాలి! పక్కనే జిరాక్స్ షాపు అబ్బాయి ఉన్నాడు. మంచివాడే, విసుక్కోకుండా చదివి చెబుతాడు. కానీ అమ్మ ఖాతాలో ఎంత ఉందో, ఏ నెల చిట్టీ ఆలస్యమైందో, నేను ఎంత పంపానో అన్నీ ఆ అబ్బాయికి తెలుసు.

ఒకసారి ఫోన్‌లో అంది: 'మీ నాయిన ఉన్నప్పుడు పైసల సంగతి ఆయనే చూసుకుంటుండె. ఇప్పుడు నేను చూసుకుంటున్న అనుకున్న. కానీ నా పైసల లెక్క నాకన్న ముందు బజారుకు తెలుస్తుంది బిడ్డా.'

ఆ మాట నాకు గుచ్చుకుంది. తర్వాతి శనివారం వెళ్లి ఆమె ఫోన్ మొత్తం తెలుగులోకి మార్చాను. అక్షరాలు పెద్దవి చేశాను. ఇంగ్లీషు మెసేజ్‌ని తెలుగులోకి మార్చి చూపించే దారి నేర్పాను. మూడు రోజులు తిట్టుకుంది. నాలుగో రోజు ఫోన్ చేసి, 'ఇయ్యాల ఆ పోరగాన్ని ఏమీ అడగలే' అంది. ఆ గొంతులో గర్వం నేను గుర్తుపట్టాను.

అంతా బాగుందనుకుంటుండగా ఒకరోజు పొద్దున్నే ఆరింటికి అమ్మ ఫోన్. 'బిడ్డా, రాత్రికి రాత్రే నా ఫోన్‌ను ఎవరో మార్చిపెట్టిండ్రు. ఫోన్ మోగుతుంది గానీ ఎట్ల ఎత్తాల్నో తెలుస్తలేదు.'

ఏదో యాప్ తనంతట తానే అప్‌డేట్ అయ్యింది. కిందినుంచి పైకి తోసి ఎత్తే ఫోన్, పక్కకి తోసి ఎత్తేలా మారింది. మనకి అది రెండు నిమిషాల ఆశ్చర్యం. అమ్మకి ఆ చేతివాటం కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా ఒక పెళ్లివాళ్లు ఆరు జాకెట్ల కోసం రెండుసార్లు ఫోన్ చేశారు. అమ్మ తిరిగి చేసేసరికి వేరే దర్జీకి ఇచ్చేశారు. ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని ఎవరో 'కొత్తగా, అందంగా ఉంటుంది' అనుకున్న మార్పుకి సూర్యాపేటలో ఒక కుట్టుమిషన్ నాలుగు రోజుల కూలీ కట్టింది.

నా కోరికల చిట్టా

అందుకే ఫోన్ తయారుచేసేవాళ్లని కొత్త రంగులు అడగను. 2025లో ఆపిల్ గాజులా మెరిసే 'లిక్విడ్ గ్లాస్' తెచ్చింది. అక్షరాలు సరిగ్గా కనబడటం లేదని జనం అంటే, 26.1లో దాన్ని కాస్త ముదురుగా చేసుకునే వీలిచ్చింది. అదే ఏడు గూగుల్ గెంతులేసే కొత్త డిజైన్ తెచ్చింది. రెండూ బాగానే ఉన్నాయి. నాకు కావాల్సినవి ఇవి:

1. పాత రూపం ఏడాది పాటు ఉండాలి. ఫోన్ ఎత్తడం, పెట్టేయడం, డబ్బు పంపడం - ఈ మూడింటి బటన్లు చెప్పకుండా మార్చొద్దు. మార్చేముందు తెర మీద ఒక్క ప్రశ్న: 'కొత్తది కావాలా, పాతదే ఉంచమంటారా?'

2. డబ్బు పంపేముందు ఫోన్ తెలుగులో చదవాలి. 'పదివేల రూపాయలు, ఫలానా పేరుకి పంపుతున్నారు' అని గట్టిగా చెప్పాలి. వెయ్యికీ పదివేలకీ మధ్య తెర మీద ఒక్క సున్నాయే తేడా. చెవికి మాత్రం అవి వేరువేరు మాటలు. డబ్బు వచ్చినప్పుడు షాపులో డబ్బా అరిచి చెబుతోంది కదా, పోయేటప్పుడు చెప్పడానికి ఏం?

3. సెట్టింగ్స్‌లో మన మాటతో వెతికితే దొరకాలి. 'అక్షరాలు చిన్నగున్నయి' అంటే ఫాంట్ సైజ్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలు రెండింతల దాకా పెంచుకోవచ్చు. ఆ సంగతి తెలియాల్సిన వాళ్లకే అది ఎక్కడుందో తెలియదు.

4. మన కలగలుపు భాష అర్థం కావాలి. 'రేపు మార్నింగ్ సిక్స్‌కి అలారం పెట్టు' అనేది నా తెలుగు. 'పొద్దుగాల ఆరుగొట్టంగ లేపు' అనేది అమ్మ తెలుగు. రెండూ తెలుగే.

5. ఫోన్ మొత్తానికీ ఒక 'వెనక్కి తీసుకో' బటన్ ఉండాలి. టైప్ చేసింది ఐఫోన్‌ని ఊపితే వెనక్కి పోతుంది. ఎప్పటినుంచో ఉంది. కానీ వేలు తగిలి ఐకాన్ మాయమైతే, సౌండ్ ఆగిపోతే, బొమ్మ తిరగబడితే? 'ఇందాక ఎట్లుండెనో అట్ల చెయ్' అనగానే చేసే బటన్ ఒకటి ఉంటే, మన ఊళ్లలో సగం ఫోన్ రిపేర్ షాపులకి గిరాకీ తగ్గుతుంది.

ఈ అయిదింట్లో ఒక్కటి కూడా రాకెట్ సైన్స్ కాదు. ఫోటోలోంచి మనిషిని తుడిచేయగల ఫోన్‌కి ఇవి లెక్కా?

ఇంతకీ ఏది కొనాలి?

మీకోసమైతే, మీ స్నేహితులు ఏది వాడుతున్నారో, జేబు ఎంత బరువుందో చూసి కొనుక్కోండి. రెండిట్లో దేంతోనూ నష్టపోరు. రెండు నెలల్లో వేళ్లు సర్దుకుంటాయి. అమ్మానాన్నల కోసమైతే మాత్రం షాపులోనే దాన్ని తెలుగులోకి మార్చమనండి. అక్షరాలు పెద్దవి చేయమనండి. అప్పుడు వాళ్ల చేతికిచ్చి, ఒక ఫోన్ ఎత్తమనండి, ఒక మెసేజ్ చదవమనండి. ఏ ఫోన్‌లో మీ వంక చూడకుండా ఆ పని చేశారో, అదే కొనండి. కంపెనీ పేరు తర్వాత చూసుకోవచ్చు.

ఇంట్లో ఇప్పటికే ఫోన్ ఉందంటారా? ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అక్కడ భాషలు. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, జనరల్, లాంగ్వేజ్ అండ్ రీజియన్. పది నిమిషాల పని. ఒక్కటే షరతు. ఆ పది నిమిషాలూ ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. 'ఇటివ్వు, నేను చేస్తా' అని లాక్కోవద్దు. మీరు నోటితో చెప్పండి, వాళ్ల వేలే నొక్కాలి. అక్షరం తెగినా, అనువాదం నవ్వొచ్చేలా ఉన్నా స్క్రీన్‌షాట్ తీసి ఆ యాప్‌కి ఫీడ్‌బ్యాక్‌లో పంపండి. వాటిని చదివే ఉద్యోగంలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నా: ఒకరు రాస్తే పక్కన పెడతారు, యాభైమంది రాస్తే మీటింగ్ పెడతారు.